మూడో స్టార్టర్

మద్దిలేటి లారీకి పన్నెండు రోజుల్లో రెండు స్టార్టర్ మోటార్లు కాలిపోయాయి. ఇంజను అందుకున్నాక కూడా మోటారు దాన్ని వదలడం లేదు. కీచుమంటూ తిరిగి తిరిగి, పొగ కక్కి ఆగిపోతోంది.

బేతంచెర్లలో మౌలా సాహెబు షెడ్డు అంటే లారీలవాళ్లందరికీ గురి. అక్కడ ఎనిమిదేళ్లుగా పని నేర్చుకుంటున్న సుంకన్న ఆ మోటార్లను తానే విప్పాడు, తానే బిగించాడు. తప్పు ఎవరిదో తేల్చమని మద్దిలేటి నిలదీస్తే తడుముకోలేదు.

“ఈరన్నదే. కొత్త స్ప్రింగు వేసినానని చెప్పి పాతదే వేసినాడు. ఇంక పళ్లచక్రం వెనక్కి ఎట్లొస్తుంది?”

ఈరన్న బజారులో మోటార్లు బాగుచేసే ముసలాయన; ఆ రెండింటినీ బాగుచేసింది ఆయనే. కబురందుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“కొత్తదే వేసినా నాయనా.”

“ఎవరికి చెప్తావులే,” అన్నాడు మద్దిలేటి. “లారీ స్టాండుకు అప్పుడే ఫోను చేసి చెప్పేసినా. ఇంక ఏ లారీవాడూ నీ గడప తొక్కడు.”

ఈరన్న సుంకన్న వైపు చూశాడు. సుంకన్న పానా తుడుచుకుంటూ తలెత్తలేదు. ముసలాయన సంచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి మౌలా సాహెబు నమాజు ముగించుకుని వచ్చాడు. టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ, జరిగిందంతా విన్నాడు.

“ఈరన్న మోసం చేసినాడని ఖాయమేనా?”

“ఖాయమే ఉస్తాద్. ఇది మూడో మోటారు. బళ్లారి నుంచి తెప్పించినా, ఈరన్న చెయ్యి తగల్లేదు. కింద పడుకుని మోటారు మొనలకు స్క్రూడ్రైవరు ఆనించి ఐదుసార్లు తిప్పినా. తీసిన వెంటనే ఆగింది.”

“ఈరన్నవి కూడా అట్లనే చూసినావా?”

“అట్లనే చూసినా.”

“ఆగలేదా?”

సుంకన్న పానా కింద పెట్టాడు. “అప్పుడు ఆగినాయి.”

మౌలా సాహెబు మద్దిలేటి వైపు తిరిగాడు. “నువ్వెక్కి స్టార్టు మీట నొక్కు.”

మద్దిలేటి ఎక్కి కూర్చుని నొక్కాడు. ఇంజను అందుకుంది. వేలు తీశాడు. మోటారు ఆగలేదు. కీచుమనే చప్పుడు షెడ్డు రేకులను అదరగొట్టింది. మద్దిలేటి కంగారుగా ఇంజను ఆపి కిందికి దూకాడు. ఇంజను ఆగినా మోటారు దాన్ని ఈడుస్తూనే ఉంది. ముందు వాసన వచ్చింది, తర్వాత సన్నగా పొగ లేచింది.

సుంకన్న పానా పట్టుకుని మోటారు బోల్టుల మీదికి వంగాడు.

“జరుగు.”

మౌలా సాహెబు చెయ్యి లోపలికి పోనిచ్చి, మీట దగ్గరి నుంచి మోటారుకు వచ్చే సన్నని తీగ ఒక్కటి లాగాడు.

షెడ్డు నిశ్శబ్దమైంది.

“పెట్టు,” అని తీగ సుంకన్నకు అందించాడు.

సుంకన్న తగిలించాడు. మోటారు మళ్లీ తిరిగింది.

“తియ్యి.”

ఆగింది.

“మళ్లీ పెట్టు.”

తిరిగింది. సుంకన్న ఉలిక్కిపడినట్టు తీగ వదిలేశాడు.

“లోపల ఎవరన్నా ఉన్నారా?” అని అడిగాడు మౌలా సాహెబు.

“ఎవరూ లేరు ఉస్తాద్.”

“మరి నొక్కుతున్నదెవరు?”

సుంకన్న లారీలోకి తొంగి చూశాడు. మీట పైకి వచ్చినట్టే ఉంది. చేత్తో తడిమి చూస్తే మాత్రం గోరంత లోపలే నిలిచిపోయింది. ఎనిమిదేళ్లలో స్క్రూడ్రైవరుతో వందల మోటార్లు తిప్పాడు. ఈ లారీ మీటను ఒక్కసారీ నొక్కి చూడలేదు.

మౌలా సాహెబు బ్యాటరీ తీగ తప్పించి, మీటను ఊడదీశాడు. దాని కాడ చుట్టూ ఏదో గట్టిగా బిగుసుకుపోయి ఉంది. సూదితో గీకి, రాలిన పొడిని సుంకన్న అరచేతిలో పోశాడు. ఎర్రగా, అక్కడక్కడ పచ్చగా ఉంది.

మద్దిలేటి దగ్గరికి వచ్చి చూశాడు.

“ఆయుధపూజ నాటిది,” అన్నాడు మెల్లగా. “మీటకు బొట్టు పెట్టింది సుంకన్నే. పసుపు కలిపి గట్టిగా పుయ్యమన్నది నేను.”

మౌలా సాహెబు మీటను శుభ్రం చేసి బిగించాడు, తీగలు తగిలించాడు, తానే నొక్కాడు. ఇంజను అందుకుంది. వేలు తీయగానే మోటారు వదిలేసింది.

సుంకన్న నీళ్ల బకెట్టు వైపు నడిచాడు. మౌలా సాహెబు అతని మణికట్టు పట్టుకున్నాడు.

“చెయ్యి కడుక్కోవద్దు. ముందు ఈరన్న దగ్గరికి పో.”

“పోయి ఏం చెప్పాల ఉస్తాద్?”

“స్టాండు మీదుగా పో.”

సుంకన్న రోడ్డెక్కాడు. స్టాండులో లారీలవాళ్లు టీ తాగుతూ అతన్ని చూసి పలకరించారు. అతను ఆగాడు. గాలికి పొడి ఎగిరిపోకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టి, అరచెయ్యి వాళ్ల ముందు తెరిచాడు.