ఆగగలిగిన నక్క

కంప్యూటర్ కడుపులో కెర్నెల్ అని ఒక అడవి ఉంది. బయట మనిషి మీట నొక్కినా, బొమ్మ చూసినా, ఆ అడవిలో ఏదో ఒక జంతువు పరుగెత్తాల్సిందే. ఆ జంతువుల్నే డ్రైవర్లంటారు. డిస్కు బరువులు మోసేది ఎద్దు. తెర మీద బొమ్మలు గీసేది నక్క. తీగ వెంట వచ్చే కబుర్ల మూటలు మోసుకొచ్చేది తీతువు పిట్ట. ఎవరి సరుకు దించాలన్నా మెమరీ గుంతలు కావాలి. వాటిని పంచేది ముంగిస నాంచారి. నాంచారి ఎవర్నీ నమ్మదు. నమ్మేవాళ్ళు ఆ పనికి పనికిరారు.

గుంత అడగడానికి రెండు తీర్లున్నాయి. "ఆగుతాను" అన్నవాళ్ళకి నాంచారి పాత సరుకు పక్కకి జరిపి, గుంత ఖాళీ చేసి, పిలిచి మరీ ఇస్తుంది. ఈలోగా ఎద్దు లాంటివాళ్ళు నెమరేసుకుంటూ ఓ కునుకు తీస్తారు. "ఇప్పుడే" అన్నవాళ్ళకి ఆపదకని దాచిన కాసిని గుంతల్లోంచి చటుక్కున ఇస్తుంది. అవీ లేకపోతే లేవంటుంది, అంతే. తీతువుది ఈ రెండో తీరు. గాల్లో ఉన్న పిట్ట కునుకు తియ్యలేదు కదా. లేవంటే మూట అక్కడే వదిలేసి, మళ్ళీ పంపమని చెప్పడానికి వెనక్కి ఎగిరిపోతుంది.

ఈమధ్య తీతువు మూటలు తెగ పడిపోతున్నాయి. పిట్టకి చేతకావడం లేదని, దాన్ని పీకేసి ఇంకోదాన్ని పెట్టుకోవాలని నక్క అడవంతా తిరిగి చెప్పింది. పెద్దలు తలలూపారు. సాయంత్రమే పంచాయితీ.

తీతువు నాంచారి నెత్తి మీద ఒక చుట్టు చుట్టింది. "పిన్నీ, నేనొచ్చేసరికే ఆపద గుంతలు నిండిపోయి ఉంటున్నాయి. ఇందులో నా తప్పేముంది?" జవాబు వినే తీరికైనా లేదు, వెళ్ళిపోయింది.

నాంచారిని లోపల అనుమానం పురుగులా తొలిచింది. ఆపద గుంతలు నింపుతున్నది నక్క. ఎప్పుడొచ్చినా రొప్పుతూ వస్తుంది, తెర నల్లబడిపోతోందంటుంది, "ఇప్పుడే" అంటుంది. పరుగెత్తి వచ్చినవాడి కాళ్ళకి దుమ్ముండాలి. దీని కాళ్ళు కడిగిన ముత్యాల్లా ఉంటాయి. పుట్టి నాలుగు వారాలు కాని నక్కకి రోజూ గాలివానేనా? పోనీ అడుగుదామా అంటే, అడిగితే నిజం చెప్పే జాతేనా?

మధ్యాహ్నం నక్క మళ్ళీ వచ్చింది. ఎద్దు తన వంతు కోసం అక్కడే పడుకుని నెమరేస్తోంది.

"అక్కా, కొంప మునిగింది. ఇప్పుడే కావాలి."

"లేవు."

"ఆపదకి దాచినవి?"

"అవీ లేవు నాయనా."

అబద్ధమే. అప్పుడే ఖాళీ అయిన గుంతలు నాంచారి వెనకాలే నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నిజంగా ఆగలేనివాడైతే ఆ మాట వింటూనే వెనక్కి తిరగాలి. బొమ్మ సగంలో ఆపాలా, పాతదే చూపించాలా అన్నది పోయి చూసుకోవాలి. నక్క మాత్రం ఎద్దు పక్కన చదునైన చోటు వెతుక్కుని, తోక చుట్టుకుని చతికిలబడింది.

"పోనీలే అక్కా. ఖాళీ అయ్యాక లేపు. ఓ కునుకు తీస్తా."

నాంచారి మీసాలు కదిలాయి. "కొంప మునుగుతుంటే కునుకేమిట్రా?"

నక్క తోక విప్పి లేవబోయింది. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుంది.

"ఆగగలిగినవాడివి, రోజూ 'ఇప్పుడే' అని ఎందుకు కూశావు?"

"అలా అంటే త్వరగా ఇస్తావు కదా అని," అని గొణిగింది నక్క.

సాయంత్రం పంచాయితీలో ఎద్దు తాను విన్నది విన్నట్టు చెప్పింది. తీతువు పని తీతువుకే ఉంది. నక్క ఇకమీదట "ఇప్పుడే" అంటే గుంత ఇవ్వొద్దని పెద్దలు తేల్చేశారు. మర్నాడు నక్క తలొంచుకుని వచ్చి ఎద్దు వెనకాల నిలబడింది. ఎద్దు కాస్త జరిగి చోటిచ్చింది.

"రా తమ్ముడూ, కూర్చో. నెమరెయ్యడానికి గడ్డేమైనా తెచ్చుకున్నావా?"

నీతి: ఆగగలిగినవాడు ఆగాలి, ఆపదకి దాచింది ఆగలేనివాడిది.