ఇనప బీరువా తాళం

సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి పురుషోత్తం తన గదిలోని ఇనప బీరువాకు తాళం వేసి, పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూశాడు. కాకినాడ దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీకి ఆయన లాయరు. కంపెనీ పని తప్ప బయటి కేసులు పట్టేవాడు కాదు. తెలివైనవాడు, నిజాయితీపరుడు; కాని తన పనిని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. పదకొండేళ్లలో వారం రోజులు సెలవు పెట్టి ఎరగడు. ముఖ్యమైన ఫైళ్లన్నీ ఆ బీరువాలో ఉండేవి. ఆయన బీపీ మాత్రలూ అందులోనే ఉండేవి.

అప్పట్లో కంపెనీకి ఒక చిక్కు వచ్చింది. రొయ్యలు ఒలిచే షెడ్డు లీజు స్థలంలో ఉంది. స్థలం యజమానితో తగాదా వస్తే, మధ్యవర్తి షెడ్డు ఖాళీ చేయమని తీర్పిచ్చాడు. అందులో అరవై రెండు మంది ఆడవాళ్లు పనిచేసేవారు. ఆ తీర్పును గడువులోగా కోర్టులో సవాలు చేయాలి. గడువు దాటాక ఏ కారణం చెప్పినా కోర్టు వినదు.

"షెడ్డు కేసులో ఆఖరి తేదీ ఎప్పుడు సార్?" అని ఆయన కింద పనిచేసే హిమజ అడిగింది.

"నీకెందుకమ్మా ఆ బెంగ? నేనున్నానుగా," అన్నాడు.

"మీ ముఖం వాడిపోయిందండీ. మాత్ర వేసుకున్నారా?"

"అదీ నువ్వే చూస్తావా? రేపు నా కుర్చీ కూడా అడుగుతావు."

ఆమె నవ్వి తన బల్ల దగ్గరకు వెళ్లింది.

వరండాలో షెడ్డు మేస్త్రి మంగాయమ్మ ఎదురైంది. "లాయరు బాబూ, షెడ్డు ఉంటదా, పోద్దా? మీరొక్క మాట చెప్తే మా ఆడోళ్లు నిమ్మళంగా ఉంటారు."

"ఉంటుంది పో. నీ రొయ్యలు నువ్వు ఒలుచుకో, నా కాగితాలు నేను చూసుకుంటా."

పదకొండున్నరకు ఆయన చేతిలోంచి టీ గ్లాసు జారిపడింది. కుడి చెయ్యి లేవలేదు. మాట రాలేదు. పక్షవాతం అన్నారు డాక్టర్లు.

మర్నాడు హిమజ ఆస్పత్రికి వెళ్లింది. పురుషోత్తం భార్య శేషారత్నం బయట బల్లమీద కూర్చుని ఉంది.

"నువ్వు హిమజవు కదూ? 'ఆ పిల్ల నాకంటే చురుకు' అంటుంటారు ఇంట్లో."

"నాతో ఎప్పుడూ అనలేదండీ."

లోపల సంతకం పెట్టాలని నర్సు పిలిచింది. శేషారత్నం తన దగ్గరున్న ప్లాస్టిక్ కవరు హిమజ ఒళ్లో పెట్టి వెళ్లింది. పది నిమిషాల్లో తిరిగొచ్చి తీసుకుంది. బీరువా తాళం సంగతి హిమజకు నోటిదాకా వచ్చింది. మనిషి లోపల అలా ఉంటే తాళాలు అడగడం బాగుండదని మానుకుంది.

ఆఫీసుకు వచ్చి, "బీరువా పగలగొట్టిద్దామా అండీ?" అని కంపెనీ ఎండీని అడిగింది.

"మనిషి మంచం మీద ఉండగా ఆయన బీరువా పగలగొడితే ఏం మర్యాదమ్మా? కోర్టు పని ఆయన ఎప్పుడో చేసే ఉంటాడు. వారం ఆగుదాం," అన్నాడు ఎండీ.

గడువు ఆ శుక్రవారంతోనే ముగిసింది. స్థలం యజమాని నోటీసు పంపేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. అప్పుడు బీరువా పగలగొట్టించారు. పై అరలోనే పిటిషన్ ఉంది. టైపు చేసి, సంతకాలు పెట్టి, కోర్టులో దాఖలు చేయడమే తరువాయిగా ఉంది. దాని మీద విప్పని మాత్రల అట్ట ఉంది.

నెల తిరిగేసరికి కోర్టు అమీనా వచ్చి షెడ్డు ఖాళీ చేయించాడు. మంగాయమ్మ తన కత్తి, పీట సంచిలో వేసుకుని గేటు దగ్గర ఆగింది. "లాయరు బాబుకి ఎలా ఉందమ్మా?" అని మాత్రం అడిగింది. మాట ఇంకా రాలేదని చెప్పింది హిమజ. షెడ్డు పోయిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్ల తరువాత శేషారత్నం ఆఫీసు వస్తువులు అప్పగించడానికి వచ్చింది. చేతిలో అదే ప్లాస్టిక్ కవరు. అందులో పురుషోత్తం చేతి గడియారం, కళ్లజోడు, బీరువా తాళం చెవి ఉన్నాయి. ఆయనను చేర్చుకున్న రోజే ఒంటిమీదవీ జేబులోవీ తీసి ఆస్పత్రివాళ్లు ఆమెకు ఇచ్చారు.

తన పనిని తోటివారికి చెప్పకుండా దాచుకున్నవాడు ఎంత నమ్మకస్తుడైనా, తాను పడిపోయిన రోజున తనను నమ్ముకున్నవాళ్లనూ పడేస్తాడు.