తిమ్మక్క చేని మన్ను

ముందు నువ్వు చెప్పు అమ్మడూ, పొద్దున వాన పడ్డప్పుడు వీధిలో ఏం చూశావు? ఉత్త నీళ్ళంటే ఒప్పుకోను. ఏ రంగు నీళ్ళు? ఆఁ, ఎర్రనీళ్ళు! అంటే ఎవరి చేనో కొట్టుకుపోతోందన్నమాట. ఇటు జరిగి పడుకో, చెబుతా.

అనగనగా ఒక ఊళ్ళో, గుట్ట కింద వాలులో, తోడికోడళ్ళకు రెండు చేలు ఉండేవి. పై చేను చిన్నామె తిమ్మక్కది. కింది చేను పెద్దామె ఓబులమ్మది.

తిమ్మక్కకు ఆశ ఎక్కువ. "నా చేని కింది అంచున ఈ గట్టు ఊరికే చోటు తింటోంది, తీసేస్తే ఇంకో నాలుగు సాళ్ళు పడతాయి" అంది. గట్టు తవ్వేసింది. దాని మీది తంగేడు పొదల్ని పొయ్యిలో పెట్టేసింది. ఇంట్లో ఉన్న శెనక్కాయ విత్తనమంతా వేసేసింది. పండకపోతే పిల్లల్ని తీసుకుని పరాయి ఊరికి కూలికి పోవాల్సిందే.

మొదటి వాన వచ్చింది. మెత్తటి మన్ను జారిపోయింది. అప్పుడు రెండో వాన వచ్చింది. చేని మధ్యలో కాలవ పడింది. ఆ తర్వాత మూడో వాన. ఇక మిగిలింది గులకరాళ్ళే! మన్నంతా ఓబులమ్మ చేలోకి దిగిపోయి, ఆమె గట్టు దగ్గర ఆగింది.

అప్పుడు మబ్బు మొహం చాటేసింది. సరిగ్గా పూత మీద బెట్ట పట్టింది. రాళ్ళలో తడి ఎంతసేపుంటుంది? పై చేను మాడిపోయింది. కింది చేను పచ్చగానే ఉంది.

తిమ్మక్క మబ్బును తిట్టిపోసింది. రెండు చేలకూ పడ్డది ఒకటే వాన కదే! మబ్బేం చేస్తుంది పాపం?

ఆ తర్వాత ఓబులమ్మ మీదికి పోయింది. "అక్కా, నా మన్నంతా నీ చేలోనే ఉంది. నా మన్ను నాకిచ్చెయ్!"

ఓబులమ్మ పగలబడి నవ్వింది. "నేనేమన్నా రమ్మన్నానా? తీసుకుపోవే, తట్ట నేనే ఎత్తుతా. మరి గట్టు లేకుండా దాన్ని ఎక్కడ కట్టేస్తావు? అదేమన్నా మేకపిల్లా?"

అయినా ఓబులమ్మ ఆమెను పరాయి ఊరికి పోనివ్వలేదు, తన చేలోనే కోతకు పెట్టుకుంది.

కోతలయ్యాక ఇద్దరూ కొంగులు బిగించారు. ముందు రాళ్ళు పేర్చి గట్టు వేశారు. ఆ తర్వాత తట్టలతో మన్ను మోశారు. ఆ తర్వాత గొర్రెల మందను ఆ చేలోనే పడుకోబెట్టించి, ఎరువు పట్టించారు. మూడు వానలకు పోయిన మన్నును ఎక్కించడానికి ఎండాకాలమంతా పట్టింది. నడుములు విరిగాయనుకో!

"విత్తనం లేదక్కా" అంది తిమ్మక్క, తల దించుకుని.

"ఇవిగో, నీ మన్నులో పండినవే" అంటూ ఓబులమ్మ ఆమె ఒడి నింపింది.

మరుసటేడు కూడా పూత మీద వాన ఎగ్గొట్టింది. అయినా తిమ్మక్క చేను వాడలేదు. కూలికి పోయే పనే రాలేదు. పిల్లలు గట్టు మీద కూర్చుని కాల్చిన కాయలు ఒలుచుకు తిన్నారు.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
వానేమో చేనికి.
మరి ఆ ఎర్రనీళ్ళలో పోయిన మన్ను ఎవరింటికి, అమ్మడూ?