సముద్రపు గుర్రం కళ్ళు చెరోవైపు ఎందుకు చూస్తాయి?

ఒకప్పుడు సముద్రపు గుర్రం పడవంత ఉండేది. ముందు సగం గుర్రం, వెనక సగం చేప. దాని నేస్తం సముద్రపు మేక. అదీ అంతే, ముందు మేక, వెనక చేప. రెండూ కలిసి రోము దేశపు ఒడ్డున అలల మీద గంతులేసేవి.

ఆ ఒడ్డున సెవెరా అనే ఆవిడ ఉండేది. ఉంగరాల్లో పొదిగే ఎర్రరాళ్ళ మీద బొమ్మలు చెక్కడం ఆమె పని. ఒకరోజు మేకను తదేకంగా చూస్తూ ఏదో చెక్కింది. మర్నాటినుంచి మేక పత్తా లేదు!

మూడు రోజులు గుర్రానికి నాచు సయించలేదు. నాలుగో రోజు పొద్దున్నే ఒడ్డుకెళ్ళి చూస్తే ఏముంది? సెవెరా చేతిలో గోరంత ఎర్రరాయి. అందులో, గడ్డంతో సహా, మేక!

"మా మేకను ఇందులో పెట్టి ఎందుకు మూసేశావు?" అంది గుర్రం.

"అయ్యో, అది బొమ్మ! చూసి చెక్కానంతే."

"మరి నువ్వు చూసిన రోజునుంచే అదెందుకు కనబడటం లేదు?"

"నాకేం తెలుసు? సరేగానీ, కాస్త కదలకుండా నిలబడు. నిన్నూ చెక్కుతాను," అంది సెవెరా, పనిముట్టు అందుకుంటూ.

గుర్రం ఒక్క అడుగు వెనక్కి వేసింది. 'ఓహో, ఇక నా వంతన్నమాట!' గభాల్న రాయిని పళ్ళతో లాక్కుని నీళ్ళలోకి దూకేసింది.

అడుగున ఇసక మీద రాయిని పెట్టి మేకను పిలిచింది. పలుకు లేదు.

"సముద్రం తల్లీ, నన్ను చిన్నదాన్ని చెయ్యి. లోపలికెళ్ళి దాన్ని తెచ్చుకుంటాను."

"చేస్తాను. కానీ మళ్ళీ పెద్ద చెయ్యడం నా వల్ల కాదు. ఇంకో రెండు రోజులు చూడరాదూ?" అంది సముద్రం.

'ఈవిడా సెవెరా వైపేనా?' అనుకుంది గుర్రం. "వద్దు, ఇప్పుడే చెయ్యి!"

వెంటనే వేలెడంత అయిపోయింది. రాయి చుట్టూ తిరిగింది. ముక్కుతో తట్టింది. తలుపు లేదు, సందు లేదు.

అంతలో నీళ్ళు ఒక్క ఊపు ఊగాయి. "ఒరేయ్ గుర్రం, ఎక్కడున్నావురా? దీవి అవతల లేత నాచు దొరికితే తింటూ ఉండిపోయాను!" అంటూ మేక ఈదుకుంటూ వచ్చింది.

ఆ తోపుకి గుర్రం కొట్టుకుపోబోయి, ఓ గడ్డిపోచకు తోక చుట్టేసింది. "ఇక్కడున్నా!" అని అరిచింది.

మేక వంగి చూసింది. "ఎంత పని చేశావురా! ఎందుకిలా?"

"నీకోసమే."

నమ్మాలనే ఉంది గుర్రానికి. కానీ ఇది నిజం మేకేనా? సెవెరా పంపిన దొంగ మేక కాదుగదా? ఒక కన్ను మేక మీద, ఒక కన్ను రాయి మీద వేసి, రెండింటినీ ఒకేసారి కనిపెట్టి చూసింది. చూసీ చూసీ ఆ కళ్ళు అలాగే ఉండిపోయాయి.

అప్పటినుంచే సముద్రపు గుర్రం వేలెడంత ఉంటోంది. గడ్డిపోచను తోకతో గట్టిగా పట్టుకుని, ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు తిప్పుతూ, వచ్చేపోయే అందరినీ అనుమానంగా చూస్తూనే ఉంటోంది.