తిమ్మక్క చెలమ

అనగా అనగా, ఏట్లో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువగా ఉండే సీమలో ఒక ఊరు. ఆ ఊళ్ళో తిమ్మక్క అని ఒక ముసలామె. మొగుడు పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. ఏటి ఒడ్డున ఒక బోదగడ్డి గుడిసె, ఒక మట్టి కడవ, నీళ్ళు ముంచే ఒక సొరకాయ బుర్ర. ఇవీ ఆమె ఆస్తిపాస్తులు. అంత ఆస్తి ఉన్నా రవ్వంత గర్వం లేదు పాపం.

వానాకాలం దాటితే ఏరు ఎండిపోయేది. కానీ ఇసుక కింద నీళ్ళుండేవి. నడుము లోతు గుంట తవ్వితే అడుగున ఊట పుట్టేది. దాన్నే చెలమ అంటారు. మొదట వచ్చే బురదనీళ్ళు తోడి పారబోసి, తేటపడేదాకా ఓపిగ్గా కూచుంటే, తియ్యటి నీళ్ళు. ఊరంతా కలిసి ఒకే చెలమ తవ్వుకుని, వంతులవారీగా ముంచుకునేవాళ్ళు. సాయంత్రం కాగానే దానిమీద తుమ్మకంప కప్పేసేవాళ్ళు, జీవాలు దిగి బురద చేస్తాయని.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. మరుసటేడూ అంతే. మూడో ఏడు కొండమీది రాతి దొనల్లో నిలిచిన నీళ్ళు కూడా ఇంకిపోయి, అడవిలో జీవాలన్నీ ఏట్లోకి దిగాయి. తిమ్మక్క పొద్దున్నే కడవ తీసుకుని పోయేసరికి, ఒక జింక చెలమ చుట్టూ తిరుగుతోంది. కంపలోకి మూతి పెట్టడం, ముల్లు గుచ్చుకుని వెనక్కి లాక్కోవడం. మూతినిండా నెత్తురు.

తిమ్మక్క కడవ పక్కన పెట్టి ఏటి మలుపు దగ్గరికి పోయింది. ఇసుక తోడింది. ఊట కోసం కూచుంది. అయితే ఈ చెలమను ఊరి చెలమలా అన్ని పక్కలా నిలువుగా తవ్వలేదు. ఒక పక్క వాలుగా తవ్వింది, ఏ జీవమైనా దిగి, తాగి, ఎక్కిపోయేట్టు. పైన కంప వెయ్యలేదు. సాయంత్రానికి జింకలొచ్చాయి. వాటి వెనక నక్కలొచ్చాయి. వాటి వెనక, పిల్లల్ని వీపున వేసుకుని ఒక ఎలుగు వచ్చింది. ఎవరి దప్పిక వాళ్ళది, ఒకరి జోలికి ఒకరు పోలేదు. గుడిసె ముందు కూచుని చూస్తున్న తిమ్మక్కకు తన ఇంట్లో బంతిభోజనాలు జరుగుతున్నంత సంబరమైంది.

ఊరి పెద్ద చెన్నప్పకు ఈ సంగతి తెలిసింది. మంచివాడే గానీ, ఆ ఏడు అతని మంచితనాన్ని భయం మింగేసింది.

"తిమ్మక్కా, ఇసుక కింద నీళ్ళన్నీ ఒకటే గదా. నువ్వాడ తోడితే మాకీడ తగ్గిపోతాయి. పూడ్చెయ్," అన్నాడు.

"ఊరి చెలమలో నా వంతు నాకొద్దులే నాయనా. అవే నీళ్ళు వాటికి పోతాండాయనుకో," అంది తిమ్మక్క.

చెన్నప్ప వినలేదు. మనుషుల్ని పంపి చెలమ పూడ్పించాడు. తిమ్మక్క మళ్ళీ ఇసుక తోడింది. ఊట కోసం కూచుంది. మళ్ళీ పూడ్పించాడు. మళ్ళీ ఇసుక తోడింది. ఊట కోసం కూచుంది. మూడోసారి పూడ్చినప్పుడు మాత్రం ఆమెకు నడుము లేవలేదు. గుడిసెలో పడుకుని, "ఈ పొద్దు వాటికెవరు దిక్కు దేవుడా" అని ఏడ్చింది.

ఆ సాయంత్రం జీవాలు మలుపు దగ్గరికి వచ్చాయి. ఇసుకను కాళ్ళతో గీరాయి. వాసన చూశాయి. చూసి, ఊరి చెలమ దారి పట్టాయి. దాహం ముందు ముల్లు ఏపాటిది? కంపను తొక్కుకుంటూ అన్నీ ఒక్కసారే చెలమ గట్టుమీదికి ఎక్కాయి. నిలువు గట్టు, అందులోనూ ఇసుక గట్టు, ఆగుతుందా! కంపతో సహా చెలమలోకి కూలింది. అన్నిటికంటే ముందున్న జింక అందులో కూరుకుపోయి మళ్ళీ లేవలేదు.

తెల్లారి కడవలతో వచ్చిన ఊరివాళ్ళు లబోదిబోమన్నారు. జింకను బయటికి తీశారు గానీ, తోడేకొద్దీ ఇసుక జారుతోంది. ఊరిన కాసిని నీళ్ళూ కంపు కొడుతున్నాయి. వేరేచోట తవ్వితే పొడి ఇసుకే వచ్చింది. ఇక మిగిలింది ఏటి మలుపు. అక్కడ నీళ్ళున్నాయని అందరికీ బాగా తెలుసు. పూడ్చింది వాళ్ళే కదా!

తలలు దించుకుని అక్కడికి పోయారు. తిమ్మక్క అప్పటికే వచ్చి, ఒక చేత్తో నడుము పట్టుకుని, ఇంకో చేత్తో బుర్రతో ఇసుక తోడుతోంది. చెన్నప్ప గుంటలోకి దిగి తనూ తోడాడు. ఊరంతా ఊట కోసం కూచుంది. నీళ్ళు తేటపడ్డాయి. ఇంతలో పొదల్లోంచి ఒక జింకపిల్ల వచ్చింది. పక్కన తల్లి లేదు. అంతమందిని చూసి వణుకుతూనే వాలు దిగి, నీళ్ళలో మూతి పెట్టింది.

ఊరివాళ్ళు మాత్రం ఖాళీ కడవలతో దూరంగా నిలబడిపోయారు. చెన్నప్ప కూడా గట్టుమీదికి ఎక్కి నిలబడి, "తిమ్మక్కా, మాగ్గూడా రవ్వన్ని నీళ్ళిస్తావా?" అన్నాడు.

మూడుసార్లు చెలమ పూడ్చినా కోపం రాని తిమ్మక్కకు అప్పుడొచ్చింది కోపం.

"ఏం మాటలు నాయనా అవి! ఆ పసిది నన్నడిగి తాగుతాండాదా? ఈ నీళ్ళు నేనేమన్నా కని పెంచినానా, ఇచ్చేదానికి? దప్పికైనోళ్ళు తాగాల, అంతే. దిగు!" అని చెయ్యి పట్టి లాగింది.

చెన్నప్ప జింకపిల్ల పక్కనే మోకాళ్ళమీద కూచుని దోసిలి ముంచాడు. తాగినంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత వానలొచ్చాయి. ఏరొచ్చింది. కొన్నేళ్ళకు తిమ్మక్క కన్నుమూస్తే, కొడుకు స్థానంలో నిలబడి చెన్నప్పే అన్నీ జరిపించాడు.

ఆ ఏటి పొడవునా ఇప్పటికీ చెలమమీద ఎవరూ కంప వెయ్యరు. ఎవరు తవ్వినా ఒక పక్క వాలుగానే తవ్వుతారు. దారినపోయే కొత్తవాళ్ళు గట్టున ఆగి, మొహమాటపడుతూ, "అమ్మా, కాసిన్ని నీళ్ళు పోస్తారా?" అంటే, నీళ్ళు ముంచుకుంటున్న ఆడవాళ్ళు నవ్వుతారు.

"ఇది తిమ్మక్క చెలమ నాయనా. ఈడ అడిగే పనే లేదు. దిగి తాగు."