ఎర్రబండ నడక

అనగనగా మంచుకొండల నడుమ ఒక లోయ. ఆ లోయలో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక హిమానీనదం పరుచుకుని ఉండేది. అంటే ఏమిటో తెలుసా పిల్లలూ? నీళ్లకు బదులు గట్టి మంచు నిండిన నది అన్నమాట.

గట్టు మీద చుక్కమ్మ అనే కొండ కుందేలు కాపురముండేది. ఆమెకు నలుగురు పిల్లలు. చలికాలమంతా అక్కడ గడ్డిపోచ దొరకదు. అందుకే కొండ కుందేళ్లు వేసవిలోనే గడ్డి కొరికి, ఎండబెట్టి దాచుకుంటాయి. చుక్కమ్మ మాత్రం తన గడ్డివాము మంచు మీదున్న ఎర్రబండ పక్కన పెట్టింది. అక్కడికి దొంగలు రారని ఆమె ధీమా.

అటుగా వచ్చిన ముసలి జడల ఎద్దు అది చూశాడు. "అమ్మాయ్, గడ్డి గట్టుకు తెచ్చుకో. ఆ మంచు నడుస్తోంది" అన్నాడు.

చుక్కమ్మ కిసుక్కున నవ్వింది. "కాళ్లు లేనిది నడవడమేమిటి తాతా? పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, ఉన్నచోటే ఉంది."

"సరే, నా మాట నమ్మొద్దు. మంచు మీద మూడు రాళ్లు వరసగా పెట్టి, నువ్వే చూసుకో."

చుక్కమ్మ పంతానికి పెట్టింది. రెండు అంచుల్లో రెండు, నడుమ ఒకటి. గడ్డి పనిలో పడి ఆ సంగతే మరిచిపోయింది.

వేసవి చివర వెళ్లి చూసింది. అంచు రాళ్లు కాస్త జరిగాయి. నడుమ రాయి వాటిని దాటి చాలా దిగువకు పోయింది. ఎర్రబండ కూడా జరిగి, మంచులో తెరుచుకున్న పెద్ద పగులు అంచుకు చేరింది. వాము పోతే పిల్లలు చలికాలం దాటరు.

చుక్కమ్మ నోటికి పట్టినంత గడ్డి కరుచుకుని పరుగు తీసింది. ఒకరోజు మోసింది. రెండోరోజూ మోసింది. మూడోరోజు సగం వాము గట్టు చేరేసరికి, మిగతా గడ్డితో సహా ఎర్రబండ పగుల్లోకి దొర్లిపోయింది.

"తాతా, మిగిలిన ఈ కాస్త గడ్డీ గాలికి కొట్టుకుపోతే నా పిల్లల గతేమిటి?" అని గట్టు మీద మేస్తున్న జడల ఎద్దు దగ్గర ఏడ్చింది చుక్కమ్మ.

తాత ఆమెను గట్టు పైనున్న రాతిగోడ దగ్గరికి తీసుకెళ్లాడు. గోడకు పొడవాటి, లోతైన గాడి ఉంది. గాలి చొరబడని చోటు.

"ఇంత నున్నగా ఎవరు చెక్కారు తాతా?"

"ఆ మంచే. ఒకప్పుడు ఇంత ఎత్తున సాగేది. అడుగున రాళ్లు ఇరికించుకుని, వడ్రంగి చిత్రిక పట్టినట్టు కొండను గీకుతూ పోయింది. ఈ లోయ దాని చెక్కుడే. దిగువనున్న ఆ రాళ్లగుట్టలు అది మోసుకొచ్చి పోసినవే."

చుక్కమ్మ గాడిని తడిమి చూసింది. తను నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. ఇంత పని చేసి చప్పుడైనా చేయని ఆ మంచు మీద ఎంతో గౌరవం కలిగింది.

గడ్డి గాడిలో చేరింది. పిల్లలూ అందులోనే ఒదిగి పడుకున్నారు. పొదుపుగా తిని చలికాలం గట్టెక్కారు.

తొలి ఎండ రాగానే చిన్నది అడిగింది. "అమ్మా, మంచు ఇప్పుడూ నడుస్తోందా? నాకు కనబడదే?"

"నాకూ కనబడదు తల్లీ" అంది చుక్కమ్మ. "పద, మూడు రాళ్లు ఏరుకుందాం."

నీతి: కంటికి కదలిక కనబడనంత మాత్రాన దేన్నీ తేలిగ్గా తీసుకోకూడదు, ఆగకుండా సాగే నెమ్మదైన పని కొండనైనా చెక్కగలదు.