వీణ వెనకబడింది

వకుళ వాయిస్తుంటే వీణ వెనకబడుతోంది.

అసలు గదిలో వీణంటూ ఏమీ లేదు. అది కంప్యూటర్లో ఉంది. కీబోర్డు మీద మెట్టు నొక్కితే స్పీకర్లో వీణ పలకాలి. పలకడం లేదని ఎవరన్నారు? పలుకుతోంది. కాకపోతే వేలు నొక్కాక ఒక పిసరు ఆగి మరీ పలుకుతోంది. ఆ పిసరే పిల్ల ప్రాణం తీస్తోంది. గమకం ఇక్కడ వేస్తే ఎక్కడో పోయి పడుతోంది.

తెనాలిలో కోటిలింగం మాస్టారి ముందుగదిలో నాలుగు రోజులుగా ఇదే తంతు. మాస్టారు నలభై ఏళ్లు పద్యనాటకాలకి హార్మోనియం వాయించిన మనిషి. వకుళ ఏడేళ్లుగా ఆయన శిష్యురాలు. నృత్యనాటకానికి సొంతంగా పాట కట్టడం ఆమెకిదే మొదలు. సాయంత్రం ఐదింటికల్లా వీణతో సహా పాట చేతికి రాకపోతే పాత రికార్డు పెట్టేసుకుంటామని డాన్సు టీచరు శారదాంబగారు పొద్దున్నే తెగేసి చెప్పారు. ఇప్పుడు మూడు దాటింది.

మందు లేకపోలేదు. సాఫ్ట్‌వేర్లో బఫర్ అని ఒక అంకె ఉంటుంది. కంప్యూటరు శబ్దాన్ని కాస్త పోగేసుకుని బయటికి వదులుతుంది. ఎంత పోగెయ్యాలో ఆ అంకె చెబుతుంది. వెయ్యిన్నీ ఇరవై నాలుగు పెడితే శబ్దం శుభ్రంగా వస్తుంది గానీ తీరిగ్గా వస్తుంది. అరవై నాలుగుకి దించితే వేలు పెట్టగానే పలుకుతుంది, కానీ తాలింపులో ఆవాలు వేసినట్టు ఒకటే చిటపట. వకుళ దించింది, పెంచింది, మళ్లీ దించింది. రెంటికీ మధ్య అంకె పెట్టి చూస్తే ఆ బాధా ఈ బాధా రెండూ ఒకేసారి మొదలయ్యాయి.

కొత్త కంప్యూటరు కొంటే తప్ప లాభం లేదండీ అంది, ఏడుపు గొంతుతో.

మాస్టారు తెరలోకి తొంగి చూసి, ఎన్ని వాద్యాలున్నాయని అడిగారు. వీణతో కలిపి ముప్ఫై ఎనిమిదంది. మిగతావన్నీ వాయించడం అయిపోయిందా అంటే, ఎప్పుడో అయిపోయిందంది. అయినా అన్నీ తెరిచే ఉన్నాయి, అన్నీ కంప్యూటరు నెత్తి మీదే ఉన్నాయి. అయిపోయిన వాద్యాన్ని రికార్డుగా మార్చి పక్కన పెట్టెయ్యడానికి ఫ్రీజ్ అని ఒక బటను ఉంది, మార్చాలంటే మళ్లీ తెరుచుకోవచ్చు. అది వకుళకి తెలీక కాదు. ఏ క్షణాన ఎవరు ఏది మార్చమంటారోనని ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

మాస్టారు హార్మోనియం ముందుకు జరుపుకుని, ఆదితాళం వెయ్యమన్నారు. ఇప్పుడా అనుకుంది వకుళ. అనుకుని, బుద్ధిగా కూర్చుని మొదలుపెట్టింది.

రెండు ఆవర్తనాలయ్యాక మాస్టారు వాయిస్తూనే కళ్లజోడు తీసి ఆమె చేతికిచ్చారు. తర్వాత కండువా ఇచ్చారు. తర్వాత ఖాళీ కాఫీ గ్లాసు, ఆ వెంటనే పద్యాల పుస్తకం, చివరికి విసనకర్ర. గురువుగారు చేతికిచ్చింది కింద పెట్టడమా, ఎంత మాట! ముందు ఎడమ చేత్తో పట్టుకుంది. ఆ పైన చంకలో పెట్టుకుంది. గ్లాసు జారబోతే కుడిచెయ్యి కూడా అడ్డం పెట్టింది. అక్కడితో తాళం ఆగిపోయింది.

హార్మోనియం కూడా ఆగింది.

"ఏమ్మా?"

"చెయ్యి ఖాళీ లేదండీ."

"కింద పెట్టొచ్చుగా."

"మీరిచ్చినవి కదండీ. మళ్లీ ఎప్పుడడుగుతారోనని..."

"అడిగితే తీసిద్దువుగాని. అవెక్కడికీ పోవు."

వకుళ చేతుల్లోవి చూసుకుంది, తెర వైపు చూసింది. తర్వాత అన్నీ చాప మీద పెట్టి లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్లింది. మృదంగం ఫ్రీజ్ చేసింది. తాళాలు, వయొలిన్లు, తంబూరా చేసింది. వేణువు దగ్గర చెయ్యి ఆగింది, నిన్న మాస్టారు దాని గురించి ఏదో అనబోయి ఊరుకున్నారు మరి. కాసేపు ఊగిసలాడి దాన్నీ చేసేసింది. ముప్ఫై ఏడూ పూర్తయ్యాక బఫర్ అరవై నాలుగుకి దించింది.

మెట్టు నొక్కింది. వేలి కిందే పలికింది. ఒక్క చిటపట లేదు. పిల్లకి ఎంత సంతోషమైందంటే మొదటిసారి ఆ సంతోషంలోనే చరణం తప్పింది. రెండోసారికి గమకం ఎక్కడ వేస్తే అక్కడే నిలబడింది.

అప్పటికి నాలుగూ ఇరవై.

వకుళ వెనక్కి తిరిగింది. "మాస్టారూ, ఏమైనా మార్చమంటారా?"

"పాట కట్టిందెవరు?" అన్నారాయన.

వకుళ ఫోను తీసి శారదాంబగారికి కలిపింది.

"పాట అయిపోయిందండీ, పంపిస్తున్నాను," అంది.